వైట్‌నర్ సూత్రం – సటీకా తాత్పర్యం

అవతారిక: కావ్యాలకు టీకలు రాసేవాళ్లు తగ్గిపోయారు గానీ హాల్‌టికెట్ వెనకాల సూచనలకు మాత్రం వ్యాఖ్యాతల కొరత లేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్ నగర్ టీ బండ్ల మీదుగా నారాయణగూడ హాస్టళ్ల దాకా, గ్రూప్స్‌కు చదివే ప్రతివాడూ ఒక మల్లినాథుడే. వాళ్లు ఎక్కువగా తల బద్దలు కొట్టుకున్న సూత్రం ఇది.

మూలం (సంగ్రహంగా): ఓఎంఆర్ పత్రముపై వైట్‌నర్ పూయరాదు, దిద్దరాదు, జంట వృత్తములు నింపరాదు.

ప్రతిపదార్థం: ఓఎంఆర్ పత్రముపై = యంత్రం తప్ప ఎవరూ చదవని కాగితం మీద; వైట్‌నర్ = బయట జిరాక్స్ షాపులో దొరికేదీ, లోపల ముట్టుకోకూడనిదీ అయిన తెల్లరంగు; పూయరాదు = పూస్తే ఏమవుతుందో హైకోర్టు చెప్పును; దిద్దరాదు = తప్పని తెలిసినా తెలియనట్టే ఉండవలెను; జంట వృత్తములు = మొదటిది తొందరలో, రెండోది జ్ఞానోదయమైన తర్వాత; నింపరాదు = స్పష్టమే.

తాత్పర్యం: ఎవరూ తోయకుండా నీ అంతట నువ్వే జారిపడ్డా ఆట అయిపోయినట్టే. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్లోనూ ఇదే న్యాయం. బంతితో పరుగెత్తేవాడిని ఎవరూ తాకకపోయినా సరే, మోకాలు నేలకు ఆనిందంటే అక్కడితో ఆ ఆట ఆగుతుంది. అదే ప్రొఫెషనల్ లీగులో అయితే లేచి మళ్లీ పరుగెత్తొచ్చు. కాలేజీ నిబంధనకు ఒక మినహాయింపు ఉంది: కిక్ కోసం బంతిని నేల మీద పట్టి ఉంచేవాడి మోకాలు ఆనినా తప్పు కాదు. మన సూత్రానికీ మినహాయింపు పుట్టింది. గొడవంతా అక్కడే.

విశేషాంశం: తెలంగాణ గ్రూప్-2కు 2015 చివర్లో 439 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత మరికొన్ని కలిపి 1,032 చేశారు. పరీక్షలు 2016 నవంబరు 11, 13 తేదీల్లో జరిగాయి. అంటే పెద్దనోట్లు రద్దయిన మూడోనాడే. అప్పుడు వైట్‌నర్ కొనడానికి చిల్లర ఎలా దొరికిందో వ్యాఖ్యాతకు అంతుబట్టలేదు. ఓఎంఆర్ పత్రాల్లో దిద్దుబాట్లు, డబుల్ బబ్లింగ్ బయటపడ్డాయి. వ్యవహారం సాంకేతిక కమిటీకి, అక్కడి నుంచి కోర్టుకు వెళ్లింది. వివరాలు నింపే పార్ట్-ఎలో దిద్దితే క్షమించవచ్చు, జవాబుల పార్ట్-బిలో దిద్దితే కూడదు అన్నది కమిటీ భాష్యం. 2019లో డివిజన్ బెంచ్ దాన్ని ఆమోదించింది, ఆ ఏడాదే నియామకాలూ జరిగాయి.

కథ అక్కడ ముగియలేదు. పార్ట్-బిలో దిద్దిన పత్రాలకూ మార్కులు పడ్డాయంటూ 2025 నవంబరులో సింగిల్ జడ్జి ఆ ఎంపిక జాబితాను కొట్టేశారు. అప్పటికి ఎంపికైనవాళ్లు ఆరేళ్లుగా ఉద్యోగాలు చేస్తున్నారు. అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలుపుదల చేసింది. మూలం ఒక వాక్యం, దాని భాష్యానికి పట్టింది తొమ్మిదేళ్లు. వేదాంతులు కూడా ఇంత సాగదీయరేమో.

వ్యాఖ్యాత తీర్పు: సూత్రంలో తప్పు లేదు. అయితే ‘చేయరాదు’ అని ఊరుకోకుండా, చేస్తే ఏ భాగంలో ఏ శిక్షో కూడా అక్కడే, అదే సైజు అక్షరాల్లో కమిషన్ అచ్చు వేయాలి.