మైలు పరుగుకు రెండేళ్లు

ఏలూరు జిల్లా మండవల్లి చుట్టుపక్కల ఇప్పుడు రెండే వృత్తులు. ఒకటి చేపల సాగు, రెండోది సర్కారీ కొలువుకు ప్రిపరేషన్. మొదటిదానికి చెరువు ఉండాలి, రెండోదానికి ఓపికున్న తండ్రి ఉండాలి. నష్టం రెండింట్లోనూ వస్తుంది. చేపల్లో వస్తే మేత రేటునో హౌరా మార్కెట్‌నో తిట్టుకోవచ్చు. ప్రిపరేషన్‌లో వస్తే తిట్లన్నీ చదివినవాడికే.

ప్రిపరేషన్‌లో ఉన్నవాడు ఖాళీగా ఉన్నాడనుకుంటే పాపం చుట్టుకుంటుంది. కానిస్టేబుల్ కొలువు సంగతే చూడండి. 2022 నవంబరు 28న 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ పెడితే నాలుగున్నర లక్షల మందికి పైగా రాశారు. గట్టెక్కిన 95 వేల మందిని ఇక పరుగెత్తమనాలి కదా! ఎమ్మెల్సీ ఎన్నికలొచ్చాయి, కోర్టు కేసులొచ్చాయి, అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి, ఏకంగా ప్రభుత్వమే మారింది. 2024 డిసెంబరు ఆఖర్లో గానీ మైదానానికి పిలుపు రాలేదు. 1,600 మీటర్లు పరిగెత్తడానికి మగపిల్లలకు ఇచ్చే గడువు ఎనిమిది నిమిషాలు. ఆ పరుగు పెట్టించడానికి సర్కారుకు పట్టింది దాదాపు రెండేళ్లు. కుర్రాడు మాత్రం తెల్లవారుజామున చెరువు గట్టు మీద పరుగు మానలేదు. ఏ రోజు పిలుస్తారో ఎవరికి తెలుసు? పొట్ట పెరగకూడదు, ఛాతీ తగ్గకూడదు. వయసు మాత్రం దాని ఇష్టం. మెయిన్స్ 2025 జూన్ 1న జరిగి, ఆగస్టు 1న ఫలితాలొచ్చాయి.

ఖాకీ వద్దనుకున్నవాడు బీఈడీ చేసి అవనిగడ్డ కోచింగ్‌కు వెళ్తాడు. మెగా డీఎస్సీ మీద ముఖ్యమంత్రి సంతకం 2024 జూన్ 13న పడింది, నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. సిరా ఆరడానికి పది నెలలన్నమాట. 16,347 పోస్టులకు 3.36 లక్షల మంది ఎగబడ్డారు. తలా ఒకటికి మించి పెట్టుకోవడంతో దరఖాస్తులు 5.77 లక్షలయ్యాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి: జూన్‌లో పరీక్షలు మొదలైతే సెప్టెంబరు 25కల్లా నియామక పత్రాలు చేతికొచ్చాయి. అలవాటు లేని వేగం కదా, కొందరు చాలాసేపు నమ్మలేదట.

మండవల్లి వాడికి సిలబస్‌లో లేని పాఠం ఇంకొకటుంది. 2022 ఏప్రిల్ 4న మండలం కృష్ణా జిల్లా వదిలి ఏలూరు జిల్లాలో చేరింది. డీఎస్సీ పోస్టులు మాత్రం పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే. అర్జీ పట్టుకుని వెళ్లేది ఏలూరు కలెక్టరేట్‌కి, పంతులు ఉద్యోగానికి పోటీ పడేది కృష్ణా జిల్లాలో.

ఈలోగా ఇల్లు గడవాలిగా! తవుడూ చెక్కా కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి చెరువులో కర్రలకు కట్టే పని ఎప్పుడూ ఉంటుంది. పట్టుబడి రోజైతే చీకటితోనే వల లాగుతారు. శీలావతి, బొచ్చె ట్రేల్లోకి, ట్రేలు కాటా మీదకి. బరువు చదివేవాడు ఒకడు, పుస్తకంలో రాసేవాడు ఇంకొకడు. రాసేవాడు బీఎస్సీ. లారీలోకి ఐసు ఎక్కించేలోపు ఫోను తీసి పది కరెంట్ అఫైర్స్ బిట్లు కూడా చేసేస్తాడు, తెర మీద పొలుసులు అంటుకున్నా సరే. ఊళ్లో ఎవరి దరఖాస్తు నింపాలన్నా అతనే దిక్కు. ఫొటో ఎన్ని కేబీలుండాలో, సంతకం ఏ ఇంకుతో పెట్టాలో, సర్వర్ ఏ అర్ధరాత్రి కుదురుగా పనిచేస్తుందో అతనికి కంఠోపాఠం. ఫీజు మాత్రం ఎవరూ ఇవ్వరు. “నీకూ త్వరగా వచ్చేయాలి బాబూ” అని దీవిస్తారు.

ప్రభుత్వాలు పట్టించుకోలేదంటే కళ్లు పోతాయి. 2018 అక్టోబరు 2న నెలకు వెయ్యి రూపాయల నిరుద్యోగ భృతి మొదలైంది, మరుసటి ఏడాది రెండు వేలైంది, ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. 2021 జూన్ 18న జాబ్ క్యాలెండర్ వచ్చింది. అందులో 10,143 పోస్టులు; గ్రూప్-1, గ్రూప్-2 రెండూ కలిపి 36. 2024 ఎన్నికల్లో భృతి మూడు వేలన్నారు. వెయ్యి, రెండు వేలు, మూడు వేలు... ఇంక్రిమెంట్లకు లోటు లేదు, జీతమే జమ కావడం లేదు.

అయినా నిరాశ పడొద్దని చెప్పడానికి పెద్దల దగ్గర ఒక ఉదాహరణ సిద్ధంగా ఉంది. 1998 డీఎస్సీలో అర్హత సాధించి కోర్టుల చుట్టూ తిరిగినవారికి 2022లో ప్రభుత్వం సరేనంది. మినిమం టైం స్కేల్ మీద బడుల్లో చేరేసరికి 2023. అప్పటికి చాలామందికి యాభై దాటింది. ఆ జాబితాలో అప్పటి చోడవరం ఎమ్మెల్యే కరణం ధర్మశ్రీ పేరు కూడా ఉంది. పంతులు పోస్టు వచ్చేలోపు ఆయన శాసనసభకే వెళ్లొచ్చారు.

మండవల్లిలో ఓ తండ్రి పేపర్లో ఈ వార్త చదివి, లోపల చదువుకుంటున్న కొడుక్కి వినపడేలా భార్యతో అన్నాడు: “తొంభై ఎనిమిదోళ్లకే మొన్న వచ్చిందంట. మనోడికి ఇంకా బోల్డంత టైముందే!”