‘బాతులు దిగినయంట’: టీకా తాత్పర్య సహితము

మూలం:
“బావ, మేడిగడ్డ కాడ బాతులు దిగినయంట. తెల్లపిట్టలు గూడ ఉన్నయంట. పొద్దుగాల్లనే పోదాం పా, మల్ల దొరకయి.”

అవతారిక: ఈ గ్రంథకర్త పేరు తెలియదు. కాలం ఫాల్గుణం, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయిన తరవాతి వారం. స్థలం కాటారం చౌరస్తాలో ఒక చాయ్ హోటల్. మంథని తోవ, భూపాలపల్లి తోవ, మహాదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోయే తోవ కలిసేది ఇక్కడే కాబట్టి ఏ గ్రంథమైనా చాయ్ చల్లారేలోపు పుట్టి, బస్సు రాగానే లోకంలోకి వెళ్లిపోతుంది. 2016 అక్టోబరుకు ముందు పుట్టి ఉంటే దీన్ని కరీంనగర్ జిల్లా వాఙ్మయంలో వేసేవారు. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఖాతాలో వేయాలి. ఛందస్సు లేదు. యతి మాత్రం ఉంది, అది చాయ్ గుటక దగ్గర పడింది.

వ్యాఖ్యానం ఈ నేలకు కొత్త కాదు. కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన కోలాచల మల్లినాథసూరిది మెదక్ దిక్కు కొల్చారం అని చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి నియమానికి కట్టుబడతాడు. రెండోదాని విషయంలో పాఠకులే మన్నించాలి.

టీకలు రాసేవాళ్లకు పక్షుల దగ్గర ఒక వెసులుబాటు ఉంది. తెలియని పిట్ట తగిలితే ‘పక్షివిశేషము’ అని రాసి ముందుకు పోవచ్చు. తెలియని చెట్టయితే ‘వృక్షవిశేషము’. నిఘంటువులూ ఇదే దారి పట్టాయి. బడిలో తెలుగు చదివిన ప్రతివాడూ పరీక్షలో ఈ మాట రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. ఈ టీకలో ఆ మాట వాడకూడదని టీకాకారుడు ఒట్టు పెట్టుకున్నాడు.

ఇక ప్రతిపదార్థం. బావ = అక్క మొగుడు, లేదా మేనమామ కొడుకు, లేదా ఏ చుట్టరికమూ లేని పక్క వీధివాడు. మోటారుసైకిలున్నవాడని ధ్వని.

మేడిగడ్డ = మేడిచెట్లున్న గడ్డ అని విగ్రహవాక్యం చెప్పవచ్చు. మేడి అనగానే పండు పొట్ట విప్పి చూడమన్న శతకపద్యం పాఠకుడి నోటికి వస్తుంది. దాన్ని అక్కడే ఆపుకోవాలి, ఎందుకంటే ఈ ఊరి దగ్గర అది పద్యంగా ఉండిపోదు. మహాదేవపూర్ మండలం అంబటిపల్లి దగ్గర గోదావరికి అడ్డంగా సుమారు 1.6 కిలోమీటర్ల పొడవున, 85 గేట్లతో కట్టిన లక్ష్మీ బ్యారేజీకే మేడిగడ్డ అని వాడుక. 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. నిలవ నీళ్లను కిందికి వదిలేశారు. ఎవరిది తప్పన్నది వేరే గ్రంథం, దానికి వేరే వ్యాఖ్యాతలు చాలామంది ఉన్నారు. బాతు దృష్టిలో చూస్తే మాత్రం సంగతి వేరు. మన దగ్గరికొచ్చే బాతుల్లో చాలా వాటికి లోతుగా మునిగే అలవాటు లేదు. తల కిందికి, తోక పైకి పెట్టి అడుగున ఉన్న నాచునూ గింజల్నీ అందుకుంటాయి. మెడకు అందని లోతు వాటికి నీళ్లే కాదు. బ్యారేజీ నిండా పదహారు టీఎంసీల కన్నా మోకాలి లోతు మడుగులు, వాటి మధ్య ఇసుక దిబ్బలు నయం.

దిగినయంట = ‘దిగినయి’ క్రియ, ‘అంట’ ప్రమాణం. చెబుతున్నవాడు కళ్లారా చూడలేదని ఆ ‘అంట’ ఒప్పుకుంటోంది. నైయాయికుల లెక్కలో ఇది శబ్దప్రమాణం: ఆప్తుడెవరో చెప్పాడు, ఇతను నమ్మాడు. నేటి పక్షి వీక్షకులకు ఇంత నమ్మకం లేదు. ఈబర్డ్ యాప్‌లో అరుదైన పిట్టను చూశానని ఎవరైనా ఎక్కిస్తే వివరం రాయమంటుంది, ఆ తరవాత పరిశీలకుడొకరు ఫొటో ఉందా అని అడుగుతారు. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనలోనూ ‘అంట’కు గడి లేదు. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమన్న చార్వాకులు ఇన్నాళ్లకు గెలిచారు, అదీ చెరువుగట్ల మీద.

బాతులు = ఇదే గ్రంథానికి గుండెకాయ. కోతలైనంక వరిమళ్లలోకి తోలుకొచ్చే పెంపుడు బాతుల మందలు కూడా బాతులే కదా, వాటినీ లారీలోంచి దింపుతారు గనుక ‘దిగినయి’ అన్నమాట సరిపోతుంది కదా అని పూర్వపక్షం. మేడిగడ్డ ఇసుకలో వరికొయ్యలు లేవని సమాధానం. కనుక ఇవి ఆకాశం నుంచి దిగిన బాతులే.

అందులోనూ అన్నీ పరదేశులు కావు. ఈలవేసినట్టు కూసే ఈలబాతులు, నల్ల ముక్కు చివర పసుపు మచ్చ ఉండే మచ్చముక్కు బాతులు ఏడాది పొడుగునా మనవే, వానాకాలం మన చెరువుల దగ్గరే పిల్లల్ని చేస్తాయి. హిమాలయాల అవతలి నుంచి చలికాలానికి వచ్చేవి సూదితోక బాతు, గరిటెలాంటి వెడల్పు ముక్కున్న చెంచామూతి బాతు, కోస్తావాళ్లు పరజలనే చిన్న బాతులు. ఇవి వర్షాకాలం చివర్లో రావడం మొదలుపెట్టినప్పుడు మగదేదో ఆడదేదో పోల్చడం కష్టం. అన్నీ ఒకే మట్టిరంగు. గూళ్ల కాలం అయిపోగానే మగవి రంగు ఈకలు రాల్చుకుని ఆడవాటి వేషంలో వస్తాయి. మాఘ ఫాల్గుణాలకు అసలు రంగులు పూర్తిగా తేలతాయి. గార్గనీ అనే పరజ మగదానికి కంటిమీద తెల్లటి కనుబొమ గీత అప్పటికి గాని పూర్తిగా దిద్దినట్టుండదు. కొత్తగా పక్షులు చూడబోయేవాడు చలికాలం మధ్యలో కన్నా చివర్లో వెళ్లడం మేలన్నది ఇందుకే. పిట్టలు పుస్తకంలోని బొమ్మల్లా కనబడేది వెళ్లిపోయే ముందే.

నది ఇసుక మీద ఇటుకరంగు బాతు జంట కనబడితే టీకాకారుడు లేచి నిలబడాలి. అది జక్కవ. అమరకోశం కోకము, చక్రము, చక్రవాకము, రథాంగము అని పేర్లిచ్చింది. ఉర్దూలో సుర్ఖాబ్. సంగీతం తెలిసినవాళ్లకు చక్రవాకం పదహారో మేళకర్త, టీవీ చూసేవాళ్లకు సీరియల్. ఇసుకలో నిలబడ్డ అసలుదాన్ని చూసినవాళ్లు ఈ ఇద్దరికన్నా తక్కువ. ప్రబంధ కవులు జక్కవలతో పోల్చిన శరీరభాగం గురించి చెప్పడం ఇక్కడ అప్రస్తుతం, పక్కన బావ ఉన్నాడు.

పొద్దుగుంకగానే జక్కవల జంట విడిపోయి, చెరో ఒడ్డున చేరి, తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకుంటుందని కవిసమయం. ఇందులో సగం నిజం. చలికాలంలో ఈ బాతులు ఎక్కువగా రాత్రిపూట మేస్తాయి. గొంతు పెద్దది, చీకట్లో ‘ఆంగ్, ఆంగ్’ అంటే నదికి అవతల వినబడుతుంది. పిలుపు విన్నవాడికి విరహమని తోచింది, మేత అని తోచలేదు. జంట మాత్రం గట్టి జంటే, ఏళ్ల తరబడి కలిసుంటుంది. వసంతం దగ్గరపడే కొద్దీ మగదాని మెడచుట్టూ సన్నటి నల్లపట్టె తేలుతుంది, ఆడదానికి ఉండదు. ఈ కాపురంలో నల్లపూసలు మొగుడి మెడలో అన్నమాట. చెరో ఒడ్డున నిలబడి పిలుచుకోవడానికి మేడిగడ్డ కన్నా తగిన రేవు కవులకు కూడా దొరకదు. ఇవతలి ఒడ్డు తెలంగాణ, అవతలిది మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా. రెండు ఒడ్డులా తెలుగు, రెండు ఒడ్డులా చుట్టాలు.

హంస సంగతి మరీ చిక్కు. మన చెరువులకు వచ్చేవాటిలో కవుల హంసకు దగ్గరగా నిలబడగలిగేది పట్టెతల బాతు: బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల వెనక రెండు నల్లపట్టెలు. సంగారెడ్డి దగ్గర మంజీరాకూ ఇది వస్తుంది. శాస్త్రీయ నామంలో ‘ఇండికస్’ అని ఉన్నా పుట్టుక టిబెట్, మంగోలియా, లడఖ్ దిక్కు సరస్సుల్లో. మానససరోవరం హంసల పుట్టిల్లన్న కవుల మాట ఈ పక్షికి బాగానే నప్పుతుంది. ఎవరెస్టు మీదుగా ఎగురుతుందని కథలున్నాయి. ఒంటికి పరికరం కట్టి కొలిస్తే తేలిన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు. అది చాలదా? ఆ ఎత్తులో గాలి పలచన, అయినా దీని రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మిగతా బాతుల కన్నా గట్టిగా పట్టుకుంటుంది. చల్లగాలి బరువుగా ఉండి రెక్కకు ఆనిక దొరుకుతుంది కనుక కొండల్ని ఎక్కువగా రాత్రిళ్లు, తెల్లవారుజామున దాటుతుంది.

మేఘసందేశంలో రాజహంసలు ఆషాఢమేఘంతోపాటు కైలాసానికి బయలుదేరతాయి. పట్టెతల బాతును అడిగితే ఆషాఢం దాకా ఎందుకుంటానంటుంది. చైత్రం దాటితే మన చెరువుల్లో కనబడదు, మొదటి మేఘం వచ్చేసరికి టిబెట్‌లో పిల్లల్ని మేపుతుంటుంది. యక్షుడి హంసలు మూడు నెలలు ఆలస్యమని మల్లినాథుడి టీకకు పక్కన పెన్సిలుతో రాసుకోవాలి. యక్షుడుండిన రామగిరి నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అని ఎక్కువమంది మాట. అక్కడ కురిసిన వాన వైన్‌గంగలో పడి, ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసి మేడిగడ్డకే వస్తుంది. మంథని దిక్కున కూడా ఒక రామగిరి ఖిల్లా ఉంది గనుక యక్షుణ్ణి పూర్తిగా మనవాణ్ణే చేసేద్దామని టీకాకారుడికి మనసైంది. మూలంలో లేదు, ఆగాడు.

తెల్లపిట్టలు = ఇక్కడ మూడు మతాలు. కొంగలని పెద్దలు. కొంగలైతే పొద్దున్నే లేచి మేడిగడ్డ దాకా పోవడమెందుకు, కాటారం చెరువుకట్ట చాలదా అని నవీనులు. నదిపిట్ట, అంటే రివర్ టెర్న్, అని రెండో మతం. సీగల్ అని మూడోది. సముద్రం లేని జిల్లాలో సీగల్‌కు ఊరిపేరు లేకపోవడం సహజమే. కాకినాడ, పులికాట్ తీరాల్లో చలికాలమంతా కనబడే గల్స్‌లో కొన్ని రకాలు పెద్ద నదుల వెంట, జలాశయాల మీదుగా లోపలికీ వస్తాయి. కనుక ఆ మతాన్ని బొత్తిగా కొట్టిపారేయలేం.

తేడా ఇలా చెప్పుకోవచ్చు. నదిపిట్టకు పసుపుపచ్చ సూటి ముక్కు, చీలిన తోక, నల్లటి టోపీ. గాల్లో నిలిచి నిలిచి చేప మీదికి తలకిందులుగా దూకుతుంది. గల్ లావుగా ఉంటుంది, నీటి మీద బాతులా తేలుతుంది, దొరికింది తింటుంది. నదిపిట్ట ఎక్కడికీ వలస పోదు. బాతులు వెళ్లే రోజుల్లోనే ఇది ఇసుక దిబ్బల మీద గుంట చేసి గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. ఆ గుడ్లకు ఊరకుక్కలు ఒక గండం, పశువుల గిట్టలు ఒక గండం, ఎగువన హఠాత్తుగా గేట్లెత్తితే వచ్చే నీళ్లు పెద్ద గండం. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న పక్షుల జాబితాలో దీని పేరు చేరింది.

గల్స్‌కు పేరు పెట్టడంలో శాస్త్రవేత్తలు కవుల్ని మించారు. నల్లతల గల్ అని ఒకటుంది. చలికాలంలో దాని తల తెలుపు, కంటి వెనక ఒక చుక్క తప్ప. వసంతానికి తల రంగెక్కుతుంది, ఎక్కినా అది నలుపు కాదు, కాఫీగింజ రంగు. ఏడాదిలో ఏ రోజు చూసినా నల్లగా ఉండని తలను నల్లతల అన్నారు. పక్కనే గోధుమతల గల్ ఉంది, అదీ వసంతంలో గోధుమరంగే. దాని కంటిపాప లేత, రెక్క చివరి నలుపులో తెల్లటి అద్దాలు, వాటితోనే పోల్చాలి. నిజంగా నల్లటి తల వచ్చేది పల్లాస్ గల్ అనే పెద్దదానికి, ఈ పేరులో నలుపు లేదు. గోధుమతల గల్‌ను 1840లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు టి.సి. జెర్డన్, మద్రాసు సైన్యంలో డాక్టరు, కొన్నాళ్లు నెల్లూరులో సివిల్ సర్జన్. కడప అడవుల కలివికోడికి ఇంగ్లిషులో ఉన్నది ఈయన పేరే. పిట్టలకు తెలుగువాళ్లు పిలిచే పేర్లు అడిగి తన పుస్తకాల్లో రాసుకున్నాడు. నెల్లూరులో పరాయి డాక్టరు పడిన ఆ శ్రమ మన నిఘంటుకర్తలు పడి ఉంటే ‘పక్షివిశేషము’ ఇంత పెరిగేది కాదు.

పొద్దుగాల్లనే = తెల్లవారగానే. ఎండెక్కితే ఇసుక మీద గాలి అలలు అలలుగా ఆడి, దుర్బీన్‌లో పిట్టంతా కరిగిపోతుంది. అయితే ఇవతలి గడ్డ మీద నిలబడితే పొద్దు ఎదురుగా, సిరోంచ దిక్కునుంచి వచ్చి కంట్లో కొడుతుంది. ఈ దోషాన్ని గ్రంథకర్త గమనించలేదు.

మల్ల దొరకయి = ఇందులో తొందర ఉంది. పగలు పొడుగవుతుంటే పక్షి ఒంట్లో ఏదో గడియారం కదులుతుంది. రోజంతా మేస్తుంది, మేసిందంతా కొవ్వై చర్మం కింద చేరుతుంది, అదే దారిబత్తెం. బాతులు ఎక్కువగా పొద్దుగుంకాక లేస్తాయి. సాయంత్రం దిబ్బ నిండా ఉన్నవి తెల్లారేసరికి ఉండవు. మర్నాడు ఇంకెక్కడివో దక్షిణం నుంచి వచ్చి అదే దిబ్బ మీద ఒక రోజు ఆగుతాయి. కనుక ‘దొరకయి’ అన్నది సగం సత్యం. నిన్నటివి దొరకవు.

తాత్పర్యం: ఓ బావా, మేడిగడ్డ సమీపంలో బాతులు దిగాయని, తెల్లని పిట్టలు కూడా ఉన్నాయని విన్నాను, ఉదయమే వెళ్దాం, ఆలస్యమైతే దొరకవు. తాత్పర్యమంటే మూలాన్నే ఇంకొంచెం పొడుగ్గా చెప్పడమని పాఠకులకు తెలిసిందే.

ప్రయోగం: మరునాడు పొద్దుగాల గ్రంథకర్త, బావ, వెనక ఇంకో బండి మీద టీకాకారుడు మేడిగడ్డ గడ్డ మీదికి చేరారు. నదిపిట్టలు కనబడ్డాయి, పసుపు ముక్కుతో సహా. మచ్చముక్కు బాతులు ఆరు. వాటి అవతల, నడి ఇసుకలో, చిన్నవి ఒక గుంపు. దుర్బీన్ బావ చేతిలో ఉంది. అది టీకాకారుడి చేతికొచ్చి ఫోకస్ కుదిరేసరికి గుంపు లేచింది. పొద్దుకు ఎదురుగా అన్నీ నల్లటి చుక్కలు. ఒక్కసారి గాల్లో వంపు తిరిగి, ప్రాణహిత దిక్కు పట్టాయి.

“ఏం పిట్టలురా అవి?” అన్నాడు బావ.

గ్రంథకర్త టీకాకారుడి మొహం చూశాడు. టీకాకారుడు నోటుబుక్కు తీసి తేదీ వేశాడు, 17 అని అంకె వేశాడు, కాసేపు పెన్ను నమిలి, దాని పక్కన రాశాడు: పక్షివిశేషము.