బనీనుకు ఆఖరి పోస్టింగు

తెలుగిళ్లలో గుడ్డకు పదవీ విరమణ ఉండదు, బదిలీలే ఉంటాయి. పెళ్లిలో పెట్టిన తువ్వాలు కొన్నాళ్లు ఒళ్లు తుడుస్తుంది, వెలిశాక కాళ్లు తుడుస్తుంది, పోగులు లేచాక వంటింట్లో మసిగుడ్డగా చేరుతుంది. ఇక మసిగుడ్డకు కూడా పనికిరాదని ఇంటావిడ తేల్చేసిన రోజున దానికి ఆఖరి పోస్టింగు పడుతుంది: కారు తుడవడం. పన్నెండు లక్షలు పోసి, ఏడేళ్ల వాయిదాలకు సంతకాలు పెట్టి తెచ్చుకున్న బండికి, ఇంట్లో అందరూ వద్దన్న గుడ్డే దిక్కు.

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు. ఆదివారం పొద్దున్నే ఓ గృహస్థు సెల్లారులోకి దిగుతాడు. కారు నల్లది. చేతిలో చంకల కింద చిరిగిన బనీను, భుజాన రిజర్వులో ఓ పాత చొక్కా. చొక్కాకు ఇంకా రెండు గుండీలు, జేబులో మడత విప్పని కరెంటు బిల్లు. వారం రోజుల దుమ్ము మీద పొడి బనీనుతోనే గుండ్రంగా, పిండి రుబ్బినట్టు రుబ్బుతాడు. సెల్లారు చీకట్లో బానెట్ అద్దంలా మెరుస్తుంది. పది గంటలకు బండి బయటికి తీయగానే బానెట్‌లో సూర్యుడు కనిపిస్తాడు, ఆయన చుట్టూ నిండా సన్నని గీతల సాలెగూడు.

“పెయింటే నాసిరకం” అని తయారీదారుకు శాపనార్థాలు. బనీను మీద మాత్రం ఈగ వాలనివ్వడు.

రంగు మీద ఉండే పారదర్శకమైన పొరను క్లియర్ కోట్ అంటారు. మామూలుగా దాని మందం 40, 50 మైక్రాన్లు, అంటే చాలామంది తలవెంట్రుక కంటే పలచన. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక క్వార్ట్జ్ జాతిది. మోస్ కొలతలో దాని కాఠిన్యం 7, కిటికీ గాజుది ఐదున్నర దగ్గర. గాజునే గీయగల రేణువు క్లియర్ కోట్‌ను కనికరిస్తుందా? దుమ్ము కడగకుండా పొడిగా రుద్దితే పట్టు పంచె కూడా గరుకు కాగితమే. అందుకే గుడ్డ తీసేముందు పైకప్పు నుంచి కిందికి ధారగా నీళ్లు పోయాలి. అయితే బోరు నీళ్ల ఊళ్లో ఆ నీళ్లను ఎండకు వదిలేస్తే ఉప్పు మచ్చలు మిగులుతాయి కాబట్టి వెంటనే అద్దడానికి మళ్లీ గుడ్డే కావాలి.

నూలు పాపిష్టిదేమీ కాదు. కానీ అదే బోరు నీళ్లలో ఏళ్ల తరబడి నానిన తువ్వాలు ఆరాక అప్పడంలా నిలబడుతుంది. దాన్ని కారు మీదికి తేవడమే దౌర్జన్యం.

దాని బదులు వాడాల్సిన మైక్రోఫైబర్ గుడ్డ పుట్టుకే వేరు. 1970లో జపాన్‌లోని టోరే కంపెనీలో మియోషి ఒకమోటో అనే శాస్త్రవేత్త అతి సన్నని పోగులతో అల్ట్రాస్వేడ్ అనే బట్ట తయారుచేశాడు. అది దర్జాగా కోట్లు కుట్టించుకునే సరుకు. ఇప్పటి కారు గుడ్డల్లో ఎక్కువగా 80 పాళ్లు పాలియెస్టర్, 20 పాళ్లు పాలిఅమైడ్. పోగు ఎంత సన్నమంటే తొమ్మిది కిలోమీటర్ల పొడవు తూచినా గ్రాము తూగదు. చీల్చిన పోగుల సందుల్లోకి దుమ్ము, తడి చేరతాయి. కొనేటప్పుడు చూడాల్సింది జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో. తుడవడానికి 300, 400 చాలు, తడి పీల్చడానికి 500 దాటితే సుఖం. సిగ్నల్ దగ్గర వందకు మూడు అమ్మేవాడిని జీఎస్ఎమ్ అడిగితే “జీఎస్టీ లేదు సార్” అంటాడు. అనుమానముంటే ఇంట్లో మూలబడ్డ సినిమా సీడీ మీద గుడ్డను, ముఖ్యంగా అంచు కుట్టును, రుద్ది చూడొచ్చు. సీడీ మీద గీతలు పడితే ఆ గుడ్డ టైర్లకు. లేబుల్ ఉంటే కత్తిరించాలి. నాలుగు మడతలు పెడితే ఎనిమిది ముఖాలొస్తాయి, ఒకటి మాసినప్పుడల్లా మరొకటి తిప్పుకోవచ్చు. నేలమీద పడిన గుడ్డను దులిపి వాడటం మన జాతీయ అలవాటు. ఆ దులుపుడుకు ఇసుక రాలదు.

గృహస్థుకు జ్ఞానోదయమై నాలుగు నీలం గుడ్డలు తెచ్చాడు. “ఏమండీ, ఇది గ్యాస్ స్టవ్ మీద భలే పనిచేస్తోంది!” అని మొదటిది వంటింటికి వెళ్లింది. రెండోది టీవీ స్టాండు దగ్గర స్థిరపడింది. మూడోదాన్ని లుంగీలతో కలిపి ఉతికి, సువాసన కోసం ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్‌లో ముంచి, ఇస్త్రీకి కూడా ఇచ్చారు. సాఫ్టెనర్ పోగుల సందులు పూడ్చింది, వేడికి పాలియెస్టర్ గట్టిపడింది, లుంగీల నూగంతా దానికే అంటుకుంది. ఇప్పుడది నీళ్లు పీల్చదు, పక్కకు నెడుతుంది.

నాలుగోది భద్రంగానే ఉంది. “మంచి గుడ్డ, వాడితే పాడైపోతుంది” అని కవరు విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో పెట్టాడు. వెనక సీటు మీద షోరూం ప్లాస్టిక్ కూడా ఇంకా తీయలేదు. ఆదివారం పొద్దున్నే సెల్లారులోకి దిగి, బనీను చిరుగులో వేలు దూర్చి, డోర్ హ్యాండిల్ సందులు తుడుస్తున్నాడు.