ఊరంతా చర్మం డాక్టర్లే

ఉయ్యూరులో గుండెనొప్పికి డాక్టరు కావాలి, పంటినొప్పికి డాక్టరు కావాలి. తామరకి మాత్రం ఊరంతా డాక్టర్లే. బస్టాండులో దిగి మోచెయ్యి ఒక్కసారి గోక్కోండి, అడక్కుండానే వైద్యం మొదలవుతుంది. టీకొట్టు దగ్గర వేపాకు, సెలూన్లో నిమ్మచెక్క, పెద్దత్తయ్య నోట ఉల్లిరసం. పాపం వీళ్లంతా అమాయకులు, కాస్త మండించి వదిలేస్తారు. అసలు ఘనవైద్యం జరిగేది మందులషాపు కౌంటరు మీద.

"బాబాయ్, గజ్జల్లో ఒకటే దురద."

"ఎన్నాళ్లైందబ్బాయ్?"

"నెల దాటింది."

"ఇది రాయి. మూడోరోజుకి దురదుంటే నన్నడుగు."

పరీక్ష అయిపోయింది. చూసింది లేదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు, చిల్లర కూడా వెనక్కొచ్చింది.

ఆ ట్యూబులో బూజుని చంపే మందొకటి, సూక్ష్మక్రిములకొకటి, వాటి నెత్తిన క్లోబెటసాల్. పైపూత స్టెరాయిడ్లలో మహా ఘాటైన రకం. దురద పుట్టించేది బూజుతో కొట్లాడుతున్న మన ఒళ్లే. స్టెరాయిడ్ ఆ కాపలావాణ్ణి జోకొట్టి పడుకోబెడుతుంది. ఇక బూజు తీరిగ్గా తొడల నుంచి నడుముకీ, నడుము నుంచి పొట్టకీ, ఒకే తువ్వాలు వాడుకునే పెళ్లాంపిల్లలకీ పాకుతుంది. దురద లేదు కాబట్టి బాబాయ్ హస్తవాసి దివ్యం. ట్యూబు ఆపిన వారానికి ఒళ్లంతా భగ్గుమంటే, "ఈసారి స్ట్రాంగుది ఇస్తాలే" అంటాడు. అప్పటికి తొడల మీద చర్మం పలచబడి, బాలింత పొట్ట మీదలాంటి చారలు పడుంటాయి.

చట్టం లేదా అంటే, ఉంది. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అదే ఏడాది సెప్టెంబరులో 328 రకాల మిశ్రమ మందుల్ని నిషేధిస్తే, అందులో ఈ జాతి క్రీములూ ఉన్నాయి. అట్టపెట్టె మీద ఎర్ర గీత కూడా గీశారు. మనవాళ్లకది ముగ్గు.

శ్రమ ఊరికే పోలేదులెండి. మామూలు మందుకి లొంగని ఒక తామర బూజుకి 2020లో శాస్త్రజ్ఞులు మన దేశం పేరు కలిసొచ్చేలా ట్రైకోఫైటన్ ఇండోటినియే అని నామకరణం చేశారు. ఈ కీర్తిలో ట్యూబుకీ వాటా ఉందని చర్మవైద్యులు మొత్తుకుంటున్నారు. బాబాయ్‌కి సన్మానం ఎవరూ చెయ్యకపోవడమే అన్యాయం.

అదే ట్యూబు పెళ్లిచూపుల ముందు పిల్ల మొహానికీ పూస్తారు. తెల్లబడుతుంది, నిజమే. ఆ తర్వాత ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి, గడ్డాన నూగు మొలుస్తుంది. తండ్రి నెత్తిన రావాల్సినవి కూతురి చుబుకాన వచ్చాయన్నమాట.

తండ్రిగారి నెత్తిది వేరే కథ. బట్టతల నయంచేస్తాం, తెల్లగా చేస్తాం అని చెప్పి మందులమ్మరాదని షెడ్యూల్ జె ఎన్నడో రాసిపెట్టింది. అయినా నూనె సీసాలకి లోటేం లేదు. గట్టి జ్వరమొచ్చిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులుగా రాలుతుంది, కొన్ని నెలల్లో దానంతటదే మొలుస్తుంది. ఆ మధ్యలో ఏ సీసా చేతికి దొరికితే దానికి యశస్సు. ఆముదం రాసినా, ఆవకాయ నూనె రాసినా వచ్చేదే!

బెజవాడ పెద్దాసుపత్రిలో చర్మరోగాల ఓపీ ఉంది. కంకిపాడు మీదుగా బస్సూ ఉంది. వీరమ్మతల్లి తిరునాళ్లలో పదిహేను రోజులు అలుపులేకుండా తిరిగే కాళ్లకి ఆ ఓపీ క్యూలో ఒక్క పూట నిలబడాలంటే తీపులు. పైగా నామోషీ: దురదకి పెద్దాసుపత్రేంటి?

ఎలాగో ఒకడు వెళ్లాడనుకుందాం. డాక్టరమ్మ వెలుతురులో చూస్తుంది, పొట్టు గీకి పరీక్షకి పంపుతుంది. వారాల తరబడి మాత్రలు మింగమంటుంది, ఇంట్లో ఎవరికుంటే వాళ్లందరికీ మందంటుంది, తువ్వాళ్లు వేరుచేసి ఎండలో ఆరెయ్యమంటుంది, బిగుతు జీన్సు మానమంటుంది. మన మహానుభావుడు చీటీ మడిచి జేబులో పెట్టుకుని, బయట బెంచీ మీద పక్కవాడితో అంటాడు:

"ఇంతసేపు చూసి ఒక్క ఇంజక్షనన్నా వెయ్యలా. ఈవిడేం డాక్టరండీ!"