శాలువాలకేం కొదువ లేదు

మా రోజుల్ల ఇల్లు కట్టినోనికి సన్మానం ఆ ఇంటి ముంగటనే జరిగేది. దర్వాజ నిలబెట్టిన నాడు వడ్లాయనకు, ఇంట్లకు పోయిన నాడు సుతారికి బొట్టు పెట్టి కొత్త బట్టలు పెట్టేటోళ్లు. ఒక ధోతి, ఒక కండువ, కొబ్బరికాయ, చేతిల ఇంత పైకం. చూసేటోళ్లు ఎవరంటే ఆ ఇంట్ల ఉండబోయేటోళ్లు, పక్కింటోళ్లు, గోడ వంకరబోతే మొఖం మీదనే అడిగేటోళ్లు. పని బాగలేకుంటే ఆ బట్టలు తీసుకునేటందుకు సుతారికే సిగ్గయ్యేది. మా జనగామ దిక్కు దేవరుప్పులల పాత ఇండ్లను ఇప్పటికీ కొందరు ముసలోళ్లు ఓనరు పేరుతోని కాదు, కట్టిన మేస్త్రి పేరుతోనే గుర్తుపడతరు.

ఇప్పుడు సన్మానమంటే ఏసీ హాలు. మొన్న చలికాలంల హైదరాబాద్‌ల ఒక ఆర్కిటెక్చర్ కాలేజీ పేరు తెచ్చుకున్న తన పాత విద్యార్థులకు సన్మానం పెట్టిందని మా తమ్ముని కొడుకు నన్ను తోలుకపోయిండు. వాడు ఆడనే చదివిండు. కార్డు మీద పొద్దున పది గంటలని ఉన్నది. ముఖ్య అతిథి వచ్చేసరికి అన్నాల యాళ్లయింది. వచ్చినంక ఆయన గొప్పతనం గురించి వీళ్లు చెప్పిన్రు, దేశం గొప్పతనం గురించి ఆయన చెప్పిండు. అసలు ఎవరి కోసం సభ పెట్టిన్రో వాళ్లను బస్సు కోసం నిలబెట్టినట్టు వరుసగ నిలబెట్టి, ఒక్కొక్కరి మీద శాలువా కప్పి, షీల్డు చేతిల పెట్టి, ఫొటో తీసి దించేసిన్రు. వెనుక తెర మీద టైల్స్ కంపెనీ, సిమెంటు కంపెనీ బొమ్మలు తిరుగుతనే ఉన్నయి. సన్మానం పొందినోళ్లు గీసిన బిల్డింగు ఒక్కటంటే ఒక్కటి ఆ తెర మీద కనబడలే.

వాళ్లల్ల ఒక ఆడబిడ్డ ఏదో జిల్లాల సర్కారు దవాఖాన గీసిందట. ఆ ముచ్చట నాకు టీ తాగేటప్పుడు తెలిసింది, స్టేజీ మీద కాదు. రోగి వెంట వచ్చినోళ్లు రాత్రిపూట ఎక్కడ పండుకుంటరని ఆలోచన చేసి, వార్డుల పక్కన గాలి ఆడే వసారా పెట్టిందట. ఎంత మంచి ముచ్చట! వరంగల్ పెద్ద దవాఖానల చెట్ల కింద చాపలేసుకొని పండుకున్న తరం మాది. ఆ ఒక్క మాట మైకుల చెప్పిస్తే హాలు మొత్తం లేచి చప్పట్లు కొట్టేది. "ప్రముఖ ఆర్కిటెక్ట్" అన్నరు, అయిపోయింది.

ఇగ ఆ షీల్డు సంగతి. మా వాని దోస్తు ఒకతనికి ఇచ్చింది చేతిల పట్టుకొని చూసిన. ఇత్తడి రేకు మీద కాకతీయ తోరణం, రెండు దిక్కుల హంసలు. చూడంగనే పోల్చుకున్న, పెంబర్తి పని. పెంబర్తి మా జనగామకు ఆనుకొనే ఉంటది, హైదరాబాద్ తొవ్వల. రేకును మైనం లాంటి మెత్తటి దాని మీద పరిచి, వెనుక నుంచి ఉలితోని మెల్లమెల్లగ కొట్టి బొమ్మ ఉబ్బేటట్టు చేస్తరు. సుత్తె దెబ్బ కొంచెం ఎక్కువైతే రేకు చినుగుతది, తక్కువైతే బొమ్మ లేవదు. గుడి తలుపులకు, రథాలకు, ధ్వజస్తంభాలకు తొడుగులు చేసిన చేతులవి. 2010ల భౌగోళిక గుర్తింపు సుత వచ్చింది. ఇప్పుడు ఆ చేతులే బతుకుదెరువుకు సన్మానాల షీల్డులు చేస్తున్నయి. షీల్డు కింద కాలేజీ పేరున్నది, స్పాన్సర్ పేరున్నది, తీసుకునేటోని పేరున్నది. కొట్టినోని పేరు లేదు. డిజైన్ నేర్పే కాలేజీ ఇచ్చే వస్తువు మీద దాన్ని చేసినోని పేరు లేకపోవుడేందిరా అంటే, "పెద్దబాపూ, బల్క్ ఆర్డర్ కదా" అన్నడు మా వాడు. చదువుకున్నోళ్ల దగ్గర దేనికైనా జవాబుంటది.

ఈ డిజైన్ చదువు మన దగ్గర నిన్న మొన్నటిది కాదు. నిజాం జమానల, 1940ల, హైదరాబాద్‌ల చిత్రకళకు, చేతిపనులకు ఒక బడి పెట్టిన్రు. అదే పెరిగి ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ కాలేజీ అయింది. 1972ల జేఎన్‌టీయూ పుట్టినప్పుడు దాంట్ల కలిసింది, 2008ల జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీగ మారింది. మాసబ్ ట్యాంకు పొంటి పోయినోళ్లందరు ఆ గేటు చూసే ఉంటరు. మెదక్ జిల్లా నిజాంపూర్ల పుట్టిన లక్ష్మాగౌడ్ ఆడ చదివినోడే, 2016ల పద్మశ్రీ వచ్చింది. నిండుగ బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడోళ్ల బొమ్మలు గీసే తోట వైకుంఠం ఆడ చదివినోడే. మా దిక్కు మహబూబాబాద్ దగ్గరి పెనుగొండల పుట్టిన కొండపల్లి శేషగిరిరావు ఆ బడిల నేర్చుకొని, శాంతినికేతన్ పోయి వచ్చి, మళ్ల ఆ కాలేజీల్నే పిల్లలకు పాఠం చెప్పిండు.

వీళ్ల పేర్లు మనకెందుకు ఎరుకంటే, బొమ్మ గీసినోడు కింద మూలకు సంతకం పెడతడు. మరి బిల్డింగు గీసినోడు ఎక్కడ పెట్టాలె? గోడకు నల్లరాతి ఫలకం ఉంటది గానీ దాని మీద శంకుస్థాపన చేసిన మంత్రి, ప్రారంభించిన మంత్రి, అధ్యక్షత వహించిన ఎమ్మెల్యే, జడ్పీ చైర్మన్, సర్పంచ్, కింద సన్న అక్షరాలతోని ఇంజినీరు. అంతటితోని రాయి నిండిపోతది.

బిల్డింగు ఒక్కదాని సంగతే కాదు. తెలంగాణ వచ్చిననాడు, 2014ల, కాకతీయ తోరణం, చార్మినార్ కలిపి రాష్ట్ర చిహ్నం గీసింది ఏలె లక్ష్మణ్. మనకు అవతల జిల్లానే, యాదాద్రి భువనగిరిల కదిరేనిగూడెం. ఆయన సుత హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ విద్యార్థే. మా తహసీల్ ఆఫీసు ముంగట నిలబడి ఆ చిహ్నం ఎవరు గీసిన్రని అడుగుండ్రి, ఎంతమంది చెప్తరో చూద్దాం. హుస్సేన్ సాగర్ బుద్ధుని సంగతీ అంతే. ఆ ఒంటిరాయి భువనగిరి దగ్గర రాయగిరి గుట్టది. 1990ల పడవ మునిగి విగ్రహం నీళ్లల్ల పడ్డది, 1992 డిసెంబర్ల నిలబెట్టిన్రు. తలపెట్టిన ఎన్టీ రామారావు పేరు చిన్నపిల్లగాడు సుత చెప్తడు, మునిగిన పడవ కథ సుత చెప్తడు. చెక్కించిన గణపతి స్థపతి పేరు అడిగితే మొఖాలు చూస్తరు.

పేరు నిలవాలంటే ఎట్ల నిలుస్తదో తెలుసుకోవాలంటే పాలంపేట పోవాలె. 1213ల గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. శాసనంల ఉన్నది రుద్రుని పేరే. దేవుడు రుద్రేశ్వరుడు. కానీ రుద్రేశ్వరాలయం పోతున్నమని ఎవరన్న అన్నరా? "రామప్పకు పోతున్నం" అంటరు. రామప్ప అనేది శిల్పి పేరని తరతరాల నుంచి జనం చెప్పుకుంటున్నరు. రాజు రాయించలే, సభ పెట్టలే, శాలువా కప్పలే. ఇసుక మీద నిలబెట్టిన పునాది, నీళ్లల్ల తేలే ఇటుక, మెరిసే నల్లరాతి మీద ఆ ఆడోళ్ల బొమ్మలు, వాటిని చూసినోళ్లు ఆ పేరును నోట్ల మోసుకుంట వచ్చిన్రు. 2021 జూలై 25 నాడు యునెస్కోల ఎక్కిచ్చినప్పుడు ప్రపంచమంతా సుత రుద్రేశ్వరుని పక్కన రామప్ప పేరు రాయక తప్పలే.

ఈ మధ్య సర్కారు చేసిన ఒక సన్మానం మాత్రం నాకు నచ్చింది. హైదరాబాద్ గన్‌పార్కుల 1969 అమరుల స్తూపం ఉన్నది కదా, దాన్ని చేసింది శిల్పి ఎక్కా యాదగిరిరావు, ఫైన్ ఆర్ట్స్ కాలేజీల పాఠం చెప్పినాయన. 2024 డిసెంబర్ల కవులు, గాయకులతోని పాటు ఆయనకు సుత కోటి రూపాయలు, మూడు వందల గజాల జాగ, తామ్రపత్రం ప్రకటించిన్రు. పని చేసిన యాభై ఏండ్లకు! ఆలస్యానికి నేను గొణగకుంటే ఎవరు గొణుగుతరు? అయినా ఒకటి సంతోషం, ఏ పనికి ఇస్తున్నరో జనానికి అర్థమయ్యేటట్టు ఇచ్చిన్రు. బయటి దేశాలోళ్లు సుత ఆలస్యంల మనకేం తీసిపోరు. ఆర్కిటెక్టులకు అన్నిటికన్న పెద్దదని చెప్పే ప్రిట్జ్‌కర్ బహుమతి మన దేశంల మొదటిసారి బాలకృష్ణ దోషికి వచ్చింది, 2018ల, తొంభై ఏండ్ల వయసుల. అంతకు ఎప్పుడో ముందుగాలనే మన హైదరాబాద్‌ల ఈసీఐఎల్ ఉద్యోగుల ఇండ్లు గీసిన మనిషాయన. ఆ ఇండ్ల ముంగట నుంచి రోజూ బస్సులల్ల పోయినోళ్లల్ల ఎంతమందికి ఎరుక?

మా రోజులు అన్నీ బంగారమే అని నేను అనను. మా మండలం కడవెండిల 1946 జూలై 4 నాడు దొడ్డి కొమరయ్య దొర గూండాల తుపాకికి ఎందుకు బలయిండో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ జమానల దొరల పని వెట్టి. వడ్లోళ్లు, కమ్మరోళ్లు, వడ్డెరోళ్లు కూలి లేకుంటనే చేసిన్రు, బట్టలు పెట్టుడు సంగతి దేవుడెరుగు. ఊరవతల గుడిసెలల్ల ఉన్నోళ్లకు ఏ మేస్త్రి వచ్చి ఇల్లు కట్టిండు? అది సుత చెప్పకుంటే నేను అబద్ధమాడినట్టే.

కానీ ఇప్పటి సంగతి చూస్తే నా నోరు ఊకోదు. ఐదేండ్లు ఆర్కిటెక్చర్ చదివిన పిల్లలు ఇంతమంది బయటికి వస్తున్నరు కదా, మా ఊర్ల ఎవరన్న ఇల్లు కట్టేటప్పుడు వాళ్లను అడుగుతున్నరా? అడగరు. ఫోన్ల ఒక బొమ్మ చూపెట్టి "గిసొంటి ఎలివేషన్ కావాలె" అంటరు. ఎలివేషన్ అంటే వాళ్ల లెక్కల పడమటి దిక్కు పొడుగుకు నీలం అద్దం, రెండు ఉత్తుత్తి స్తంభాలు, రాత్రిపూట వెలిగే లైట్లు. మా జనగామ దిక్కు మే నెల ఎండ పొద్దుగూకేటప్పుడు ఆ అద్దంల నుంచి లోపలికొస్తే ఇగ ఏసీ లేకుంట ఆ గదిల ఎవడు కూసుంటడు? మా పాత భవంతి ఇంట్ల మూర మందం మట్టిగోడ, నడిమిట్ల ఆకాశం కనబడే జాగ, చుట్టూ వసారా. పగలంతా ఎండను గోడ ఆపేది, రాత్రి వేడి నడిమింట్ల నుంచి పైకి పోయేది. అది గీసిన సుతారికి డిగ్రీ లేదు. డిగ్రీ ఉన్న పిల్లలకు ఇది రాదని కాదు, వాళ్లకు ఇంకా ఎక్కువ వచ్చు, ఆ దవాఖాన బిడ్డను నేనే చూసిన కదా. వాళ్లేం చేస్తరో ఊర్లె ఎవరికీ తెలువదు. తెలిసేటట్టు ఎవరూ చెప్పరు. సన్మానం చేసినా హాలు తలుపులు మూసి, చేసినోళ్లు చేసినోళ్లే చూసుకుంటరు.

అందుకని కాలేజీ పెద్దలకు ఒక మాట. వచ్చే ఏడు మీ పాత విద్యార్థులను పిలిచేటప్పుడు హాలు బుక్ చెయ్యకుండ్రి. వాళ్లు గీసిన బడి దగ్గరనో, దవాఖాన దగ్గరనో టెంటు వెయ్యుండ్రి, ఆడ పనిచేసే నర్సమ్మను, చదివే పిల్లను మాట్లాడనియ్యుండ్రి. షీల్డు పెంబర్తిల్నే చేయించుండ్రి గానీ కొట్టినాయన పేరు సుత దాని మీద కొట్టించుండ్రి, ఆయనను సుత స్టేజీ మీదికి పిలువుండ్రి. మా సర్పంచులకు, మండలం సార్లకు ఇంకొక మాట. ఈసారి మా ఊర్ల కొత్త పంచాయతీ బిల్డింగు గానీ, బడి గది గానీ కట్టేటప్పుడు శిలాఫలకం మీద మంత్రుల పేర్ల కింద రెండు వరుసలు జాగ ఉంచుండ్రి, ఒకటి గీసినోళ్లకు, ఒకటి కట్టిన సుతారికి.