ఎలుగుబంటి పన్ను

తెలుగులో పన్నుకి రెండర్థాలు. ఒకటి నోట్లో ఉంటుంది, రెండోది జేబులో దిగుతుంది. మొదటిది ఏదో ఒకనాటికి ఊడుతుంది. రెండోది ఊడిన దాఖలాల్లేవు. ఈ రెండూ కలిసి ఒక ఊరి బుర్ర ఎలా తినేశాయో చూడాలంటే అమెరికావాళ్ల బొమ్మల సీరియల్ ఒకటుంది.

'ద సింప్సన్స్' 1989 డిసెంబరులో మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. అందులో బార్ట్ అనే కుర్రాడికి అప్పుడు పదేళ్లు, నాలుగో తరగతి. ఇప్పుడూ పదేళ్లే, నాలుగో తరగతే. మన డైలీ సీరియల్లో ఒక్క చెంపదెబ్బని మూడు రోజులు సాగదీస్తారని దెప్పిపొడిచేవాళ్లు ఈ కుర్రాడి ప్రోగ్రెస్ రిపోర్టు ఒకసారి చూడాలి. ఆ సీరియల్లో నాకు దాదాపు కంఠతా వచ్చిన భాగం 1996 మే 5న ప్రసారమైంది. పేరు 'మచ్ అపూ అబౌట్ నథింగ్'. షేక్‌స్పియర్ నాటకం పేరులోకి కిరాణాకొట్టు అపూని దూర్చారు.

కథ చిన్నదే. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో హోమర్ సింప్సన్ ఉండే వీధిలోకి ఓ ఎలుగుబంటి దారితప్పి వస్తుంది. ఒకటంటే ఒకటే. హోమర్ జనాన్ని వెంటేసుకుని మేయర్ క్వింబీ ఆఫీసు మీదకి వెళ్తాడు. మేయర్‌గారు ఆఘమేఘాల మీద 'ఎలుగుబంటి గస్తీ'ని దింపుతారు. నేల మీద వ్యాన్లు, పైన రాడారుకి చిక్కని యుద్ధవిమానం. హోమర్ అటూ ఇటూ చూసి, కనుచూపుమేరలో ఎలుగుబంటి లేదు కాబట్టి గస్తీ భేషుగ్గా పనిచేస్తోందని తేలుస్తాడు.

రెండో తరగతి చదివే కూతురు లీసాకి ఈ తర్కం మింగుడుపడదు. కింద పడున్న రాయి ఒకటి తీసి, ఇది పులుల్ని దగ్గరికి రానివ్వదు నాన్నా అంటుంది. ఎలా పనిచేస్తుందని అడుగుతాడు తండ్రి. పనిచేయదు, ఇది ఉత్త రాయి, కానీ చుట్టుపక్కల ఎక్కడైనా పులి కనపడుతోందా అంటుంది. హోమర్ కాసేపు ఆలోచించి, జేబులోంచి డబ్బు తీసి, ఆ రాయి నాకు అమ్మవే అంటాడు.

నవ్వకండి. మీ గుమ్మానికి వేలాడే గుమ్మడికాయ వైపు ఒకసారి చూసి, అప్పుడు నవ్వండి.

ఇక రెండో పన్ను. హోమర్ జీతంలోంచి ఎలుగుబంటి పన్ను కింద అయిదు డాలర్లు కోస్తారు. దేశచరిత్రలో ఇంత ఘోరమైన పన్ను లేదని హోమర్ గావుకేక పెడతాడు. నిజానికి ఇంత చిన్న పన్ను ఇంకోటి లేదని లీసా లెక్క చెబుతుంది. ఎలుగుబంటి పన్ను చూసి మేయర్ దగ్గరికి పరిగెత్తిన ఊరు, ఎలుగుబంటి పన్ను చూసి మళ్లీ అదే మేయర్ దగ్గరికి పరిగెత్తుతుంది. గస్తీ కావాలి, గస్తీ ఖర్చు వద్దు. ఇది స్ప్రింగ్‌ఫీల్డుకే పట్టిన జబ్బని నేననను.

మేయర్‌గారు గడుసువాడు. మీకు పన్నులు పెరగడానికి కారణం ఎలుగుబంటీ కాదు, నేనూ కాదు, దొంగదారిన వచ్చి కూర్చున్న వలసజనం అంటాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మనకి పాత సామెత. అక్కడ దాన్ని బ్యాలెట్ మీద అచ్చేసి, 'ప్రపోజిషన్ 24' అని నంబరిచ్చారు. ఇదేదో రచయిత డేవిడ్ కోహెన్ గాల్లోంచి తీసింది కాదు. 1994లో కాలిఫోర్నియాలో 'ప్రపోజిషన్ 187' అని నిజంగానే ఓటింగు జరిగింది. కాగితాల్లేని వలసదారులకు ప్రభుత్వ బడి, అత్యవసరం కాని వైద్యం ఉండకూడదన్నారు. దాదాపు 59 శాతం మంది సరేనన్నారు. కోర్టులు కొట్టేశాయి.

ఇప్పుడు అపూ నహాసపీమాపెటిలాన్ సంగతి. ఈ ఇంటిపేరు ఏ జిల్లాదని వెతక్కండి, మన దేశంలో దొరకదు. కలకత్తా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డెబ్భై లక్షల మంది ఉన్న క్లాసులో ఫస్టొచ్చాడట. పైచదువుకి స్ప్రింగ్‌ఫీల్డ్ వచ్చి, తొమ్మిదేళ్లు కష్టపడి కంప్యూటర్ మీద పీహెచ్‌డీ చేశాడు. చదువు అప్పు తీర్చడానికి 'క్విక్-ఈ-మార్ట్'లో కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. అప్పు తీరేసరికి వీసా తీరిపోయింది. అప్పటికి ఊరు అలవాటైంది, స్నేహితులు కుదిరారు, ఉండిపోయాడు. ఎమ్మెస్‌కి పిల్లల్ని పంపి, బ్యాంకు లోను మీద వడ్డీ లెక్కలు వేసుకునే గుంటూరు, వరంగల్ తల్లిదండ్రులకి ఇది కార్టూనులా అనిపించదు.

కాగితాల కోసం అపూ ఫ్యాట్ టోనీ అనే దాదా దగ్గర దొంగ పత్రాలు కొంటాడు. కౌబాయ్ టోపీ పెట్టి, యాస మార్చి, దేవుడి గూట్లోంచి వినాయకుణ్ణి తీసేసి సినిమా తారల బొమ్మ ఉన్న పత్రిక పెడతాడు. ఆ తారల కళ్లలో జీవం లేదని గ్రహించి ఏడుస్తాడు. ఇక్కడో తమాషా ఉంది. అపూకి గొంతిచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. అంటే ఒక అమెరికన్, భారతీయుణ్ణి అనుకరిస్తూ, ఆ భారతీయుడు అమెరికన్‌ని అనుకరించడాన్ని అనుకరించాడు. ఈ యాస బళ్లో తమనెలా వెంటాడిందో చెబుతూ హరి కొండబోలు అనే కమెడియన్ 2017లో 'ద ప్రాబ్లమ్ విత్ అపూ' అని డాక్యుమెంటరీ తీశాడు. న్యూయార్క్‌లో పెరిగిన మన తెలుగింటి బిడ్డే. 2020లో అజారియా ఆ గొంతు మానుకున్నాడు.

చివరికి అపూ దొంగ కాగితాలు వదిలేసి పౌరసత్వ పరీక్షకి కూర్చుంటాడు. అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే, ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలంటూ పీహెచ్‌డీ స్థాయిలో మొదలుపెడతాడు. పరీక్షాధికారి ఆపి, ఊరికే బానిసత్వం అని చెప్పేయవయ్యా అంటాడు. అలాగే సార్ అంటాడు అపూ. అదే హాల్లో ఓటుకి ముందు వలసజనం మీద విరుచుకుపడ్డ సారాకొట్టు మో కూడా మారువేషంలో పరీక్ష రాస్తుంటాడు!

హోమర్ కథ ఇంకా విచిత్రం. వాళ్ల ముసలి తండ్రే పరాయిదేశం నుంచి ఓడ దిగినవాడు. అయినా ప్రపోజిషన్ 24కి జై కొట్టి, అపూ కొట్టుకెళ్లి అపూకే చెబుతాడు. ఈ చట్టం వస్తే వెళ్లాల్సింది తానేనని అపూ చెప్పాక గానీ ఆయనకి అర్థం కాదు. చట్టం మంచిదే, కాకపోతే మనవాణ్ణి తీసేస్తుందంటే ఎలా! అపూ పౌరుడయ్యాక హోమరే ఊరందరి ముందూ ఉపన్యాసమిచ్చి కన్నీళ్లు పెట్టిస్తాడు. మర్నాడు ఓట్లు లెక్కపెడితే ప్రపోజిషన్ 95 శాతంతో నెగ్గుతుంది. అపూ ఎలాగూ గట్టెక్కాడు. పాపం స్కాట్లాండ్ నుంచి వచ్చిన స్కూలు తోటమాలి విల్లీకి హోమర్ లాంటి స్నేహితుడు లేడు, ఓడెక్కిస్తారు. విల్లీని పంపేస్తే ఎలుగుబంటి పన్ను ఎలా తగ్గుతుందని ఎవరూ అడగరు.

ఈ మధ్య డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడి హెచ్-1బి కోసం మా అక్క చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు మొక్కింది, వచ్చాక నూటెనిమిదీ పూర్తిచేసింది. ఇప్పుడు వాడు పౌరుడు.

"వీసాల దగ్గర గట్టిగానే ఉండాలి మావయ్యా. అడ్డమైనవాళ్లూ వచ్చేస్తున్నారు."

"నువ్వు నిలువుగా వెళ్లావా?" అన్నాను.

వాడు నవ్వలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు కూడా మంచి పనే అన్నాడు. ఏరు దాటినవాడికి తెప్ప మీద రుసుము ఎంతైతేనేం?

"మరి మీ తమ్ముడికి లాటరీలో ఈసారీ రాలేదుగా. వాడి గతేమిటి?"

"వాడి సంగతి వేరు మావయ్యా. వాడు మనవాడు కదా!"

హోమర్ ఇంత చక్కటి తెలుగు మాట్లాడతాడని నాకు అప్పటిదాకా తెలియదు.

మాటల్లో మాటగా వీడియోలో కొత్తిల్లు చూపించాడు. గుమ్మం మీద దిష్టి గుమ్మడికాయ. అక్టోబరు కాబట్టి ఆ వీధిలో ప్రతి గుమ్మంలోనూ హాలోవీన్ గుమ్మడికాయలే. వీడిది ఎవరికీ తేడాగా కనపడలేదు.

"అంతా ప్రశాంతమేనా?" అన్నాను.

"గట్టిగా పట్టుకున్న దగ్గర్నుంచి చాలా ప్రశాంతం."

"ఎలుగుబంట్లు?"

"డాలస్‌లో ఎలుగుబంట్లేమిటి మావయ్యా!"

"అయితే పనిచేస్తోందన్నమాట."