తిరస్కారోత్తర సత్కారము

సాహిత్య, చరిత్ర, తత్త్వశాస్త్రములయందు పరిశోధన చేయగోరి దరఖాస్తు పెట్టుకొన్న వారిలో అత్యధికులను ఏటేట సవిచారముగా నిరాకరించుచు, ఆ నిరాకరణపత్రపు సిరా ఆరకమునుపే వారిలో కొందరికి మరియొక ద్వారము తెరచుటయందు అమెరికాలోని కొన్ని సంపన్న విశ్వవిద్యాలయములు చూపు దాక్షిణ్యము కొనియాడదగినది. పిహెచ్‌డికి నీవు తగవని పలికిన నోటితోనే, ఎం.ఏ.కు నీకంటె తగినవాడు లేడని అవి పలుకును. పిహెచ్‌డికి తగినవానికి శుల్కము మాఫీ, పైపెచ్చు వేతనము. తగనివానికి వేతనము శూన్యము, శుల్కము సంపూర్ణము. పొమ్మనలేక పొగపెట్టు గృహస్థులను మనమెరుగుదుము గాని, పొమ్మని చెప్పి, పొగకు సైతము వెలకట్టు గృహస్థులు అక్కడనే కలరు.

చేత ధనము లేదని సంకోచమా? కళాశాల తనకు తానే లెక్కకట్టిన ఖర్చు ఎంతయో అంతవరకును అప్పిచ్చు గ్రాడ్ ప్లస్ అను ప్రభుత్వ ఋణము 2006 నుండి పట్టభద్రుల కొరకు సిద్ధముగా ఉండెను. వెల చెప్పువాడొకడు, సొమ్మిచ్చువాడు వేరొకడు, తీర్చువాడు మూడవవాడు. మువ్వురిలో ప్లేటోను చదువవలసినవాడు మాత్రము ఆ మూడవవాడే. పట్టభద్రుల చదువుకాలపు వడ్డీని భరించుట 2012లో ప్రభుత్వము మానినది గనుక, శిష్యుడు వైరాగ్యమును గూర్చి చర్చించుచుండగా ఋణము నిద్రాహారములు లేక పెరుగుచుండును. 2025-26లో గ్రాడ్ ప్లస్ వడ్డీ నూటికి 8.94. దివాలా తీసినను ఈ బాకీ సామాన్యముగా వదలదు, భరింపరాని కష్టమును న్యాయస్థానమున నిరూపింపవలెను; ఎం.ఏ. పట్టము ఒక్కటియే అందుకు చాలిన సాక్ష్యమని ఇంకను అంగీకరింపబడలేదు.

మానవీయ విద్యల విలువ అంకెలకందనిదని ఆచార్యులందురు. నాకును సందేహము లేదు, గ్రీకు నాటకములతో నాకు వైరమును లేదు. అంకెలకందని వస్తువునకు బిల్లు మాత్రము సెంట్లతో సహా ఎట్లు తేలుచున్నదో ఆ గణితమే అందుట లేదు.

తుదకు ప్రభుత్వమునకు మెలకువ వచ్చినది. 2025 జూలైలో వెలసిన చట్టము, 2026 జూలై 1 నుండి క్రొత్తవారికి గ్రాడ్ ప్లస్‌ను ఎత్తివేసి, సామాన్య పట్టభద్రులకు ఏటికి 20,500 డాలర్లు, వృత్తివిద్యలవారికి 50,000 డాలర్లు అని హద్దులు గీచినది. ఆ వృత్తుల జాబితాలో వైద్యము, న్యాయము సరసన దైవశాస్త్రము ఆసీనమై యున్నది. తత్త్వశాస్త్రమునకు పీట లేదు. అనగా దేవుడున్నాడని బోధింప నేర్చువానికి 50,000, ఉన్నాడో లేడో విచారించువానికి 20,500. కావున తత్త్వజిజ్ఞాసువు ఆస్తికుడుగా దరఖాస్తు పెట్టుకొని, కడపటి వాయిదా సొమ్ము చేతికందు వరకు తన సంశయములను దాచుకొనుట వివేకము.